రెండు డిస్కులు ఫెయిల్ అన్న రాత్రి: సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో డేటాని చేతులారా పోగొట్టుకోకుండా ఉండాలంటే

ఆషాఢమాసంలో ఒక రాత్రి పదిన్నరకి అమలాపురం నుంచి ఫోనొచ్చింది. పెళ్ళిళ్ళ ఫోటోలు, వీడియోలు తీసే స్టూడియో ఆయన. నాకంటే పదేళ్ళు పెద్దవారు.

"ఏవండీ, పడుకున్నారా? సాయంత్రం గాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడి కరెంటు పోయిందండి. సిస్టమ్ పద్ధతిగానే ఆపాం. కరెంటొచ్చాక ఆన్ చేస్తే బాగానే వచ్చింది. ఆల్బమ్ కోసమని రెండేళ్ళ కిందటి పెళ్ళి ఫోల్డర్ తెరిచేసరికి మొత్తం బిగుసుకుపోయిందండి. ఇప్పుడు చూస్తే నాలుగు డిస్కుల్లో రెండు ఫెయిల్ అంటోంది. మా మేనల్లుడు నెట్‌లో ఏదో కమాండ్ దొరికిందంటున్నాడు. కొట్టమంటారా?"

"వద్దండీ. ఏమీ కొట్టొద్దు. ఆపేసి, పెట్టె విప్పకుండా వదిలెయ్యండి. పొద్దున్నే వస్తాను."

ఆ పెట్టెలో ఆరేళ్ళ పెళ్ళిళ్ళున్నాయి. మనవరాలి పెళ్ళి చూసుకుని మర్నెలకే కన్నుమూసిన ఒక తాతగారి నవ్వు ఆ వీడియోలో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టుదల. డెల్టాలో పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. డిస్కు పాడై పోయిన డేటా కొంత చూశాను. డిస్కు పాడైందని తెలిసిన మొదటి గంటలో కంగారుపడి చేసిన పనుల వల్ల పోయిన డేటా అంతకంటే చాలా ఎక్కువ చూశాను. ఆ గంటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియాలంటే ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడుకోవడం. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని వాడదాం, ఒకటి పోయినా పని ఆగకుండా లెక్క కట్టుకుందాం అన్నది వాళ్ళ ఆలోచన. స్టూడియోలో ఉన్నది రెయిడ్ 5. నాలుగు టీబీల డిస్కులు నాలుగు. వాడుకోవడానికి పన్నెండు టీబీలు, మిగిలిన ఒక డిస్కంత చోటు రక్షణ లెక్కకి.

ఆ లెక్క అర్థం కావాలంటే ధవళేశ్వరం దాకా వెళ్తే చాలు. గోదావరి మీద బ్యారేజీ ఒకే గోడ కాదు, లంకల మధ్య నాలుగు భాగాలుగా ఉంటుంది. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మొత్తం 175. ఈ నాలుగు అంకెలూ నాలుగు కాగితాల మీద రాసి, మొత్తం ఐదో కాగితం మీద రాశామనుకోండి. మద్దూరు కాగితం తడిసి చెరిగిపోయినా భయం లేదు. 175 లోంచి మిగతా మూడూ తీసేస్తే 23 వచ్చేస్తుంది. మొత్తం రాసిన కాగితమే పోయినా ఇబ్బంది లేదు, మళ్ళీ కూడుకోవచ్చు. కానీ మద్దూరు, ర్యాలి రెండూ చెరిగిపోతే? రెండూ కలిపి 66 అని తెలుస్తుంది, ఏది ఎంతో ఎప్పటికీ తెలీదు.

రెయిడ్ 5 చేసేది ఇదే. కాకపోతే కూడిక బదులు సరి-బేసి లెక్క వాడుతుంది. దాన్నే ప్యారిటీ అంటారు. మూడు డిస్కుల్లో ఒకే చోట ఉన్న బిట్లు, అంటే 0 లేదా 1 అన్న అంకెలు, చూసి, ఒకట్ల సంఖ్య బేసి అయితే నాలుగో డిస్కులో 1, సరి అయితే 0 రాస్తుంది. ఈ లెక్కలో ఒక అందం ఉంది. నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, మిగతా మూడింటి మీదా ఇదే లెక్క కడితే ఆ లేనిది వచ్చేస్తుంది. ఏది డేటా, ఏది ప్యారిటీ అన్న తేడా కూడా అక్కర్లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో ఇదే మమ్మల్ని ఆదుకుంది.

ప్యారిటీ అంతా ఒకే డిస్కులో ఉండదు. డేటాని చిన్న ముక్కలుగా కోసి, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలుగా 512 కేబీల చొప్పున, ఒక్కో వరుసలో ఒక్కో డిస్కుకి ప్యారిటీ వంతు వేస్తూ పరుస్తుంది. అంటే ఎనిమిది ఎంబీల ఒక ఫోటో నాలుగు డిస్కుల మీదా పరుచుకుని ఉంటుంది. డిస్కుల వరుస తప్పితే ఆ ఫోటో పేజీలు కలగాపులగంగా కుట్టిన పుస్తకమైపోతుంది.

ఇదంతా చేసేది వేరే కార్డేమీ కాదు, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోని ఎండీ అనే భాగం. దాన్ని నడిపే కమాండ్ పేరు ఎండీఆడ్మ్. ఏ డిస్కు ఎన్నో స్థానంలో ఉంది, ముక్క సైజెంత, డేటా ఎక్కణ్ణుంచి మొదలవుతుంది అన్న వివరాలన్నీ ప్రతి డిస్కు మీదా ఒక చిన్న చోట రాసి ఉంటాయి. దాన్ని సూపర్‌బ్లాక్ అంటారు. అందుకే మదర్‌బోర్డు కాలిపోయినా, ఆ డిస్కులు తీసుకెళ్ళి లినక్స్ ఉన్న ఇంకో పీసీకి తగిలిస్తే చాలు. చిన్న వ్యాపారాలకి నేను సాఫ్ట్‌వేర్ రెయిడే మంచిదని చెప్పడానికి పెద్ద కారణం ఇదే. హార్డ్‌వేర్ కార్డు పోతే మళ్ళీ అలాంటి కార్డే వెతుక్కోవాలి.

ఫెయిల్ అంటే చచ్చిపోయిందని కాదు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. స్టేటస్‌లో ఫెయిల్ అని కనబడగానే డిస్కు పనికిరాకుండా పోయిందనుకుంటారు. ఆ మాటకి అసలు అర్థం వేరు: "నేను అడిగినదానికి ఈ డిస్కు వేళకి జవాబివ్వలేదు, అందుకని దీన్ని పక్కన పెట్టేశాను" అని ఎండీ చెబుతోంది. అంతే. కారణం డిస్కు లోపలే ఉండొచ్చు, డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ వదులై ఉండొచ్చు, పవర్ సప్లై బలహీనపడి ఉండొచ్చు. మన తీరంలో ఉప్పుగాలికి కేబుల్ మొనలు నల్లబడి కూడా ఇలాగే జరుగుతుంది.

ఇంకో కారణం చాలామందికి తెలీదు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులో ఒక సెక్టార్, అంటే డేటా దాచే ఒక చిన్న గది, చదవడం కష్టమైతే, ఆ డిస్కు పట్టు వదలకుండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఒంటరిగా ఉన్న డిస్కుకి అది మంచి గుణమే. ఒక్కోసారి ఆ ప్రయత్నం నిమిషం దాటుతుంది. లినక్స్ కెర్నల్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత ఓపిక అయిపోయి లింకు రీసెట్ చేస్తుంది. డిస్కు ఇంకా లోపల కుస్తీ పడుతూనే ఉంటుంది, పలకదు. దాంతో ఎండీ దాన్ని జట్టులోంచి తీసేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం నాలుగు టీబీల డిస్కు మొత్తం ఫెయిల్ అనిపించుకుంటుంది. రెయిడ్ కోసమని తయారుచేసిన డిస్కులు ఇలాంటప్పుడు సుమారు ఏడు సెకన్లలో "ఇది చదవలేను" అని చెప్పేస్తాయి. అప్పుడు ఎండీ మిగతా డిస్కుల నుంచి లెక్క కట్టి ఆ సెక్టార్ని తిరిగి రాసేస్తుంది. రెండు రకాల డిస్కులకీ మధ్య అసలైన తేడా ఇదే.

స్టూడియోలో జరిగిందీ అదే. ఒక డిస్కు మూడు నెలల కిందటే జట్టులోంచి బయటికొచ్చేసింది. ఎవరికీ తెలీదు, ఎందుకంటే మూడింటితో కూడా అన్నీ మామూలుగానే నడుస్తాయి. ఆ రాత్రి రెండేళ్ళ కిందటి ఫోల్డర్ తెరవగానే ఇంకో డిస్కులోని బలహీనమైన చోటు తగిలింది. అది బిగుసుకుపోయింది, దాన్నీ తీసేసింది. రెండో డిస్కు ఆ రాత్రి కొత్తగా పాడవలేదు. ఎన్నాళ్ళుగానో పాడై ఉన్న చోటుని ఆ రాత్రి మొదటిసారి చదవాల్సొచ్చింది.

కంగారులో కొట్టే కమాండ్లు

మేనల్లుడికి నెట్‌లో దొరికింది క్రియేట్ కమాండ్. "రెయిడ్ కనబడట్లేదు కాబట్టి మళ్ళీ తయారు చేద్దాం" అనిపించడం సహజమే. నాకు తెలిసి ఈ రంగంలో ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన లేదు. భీమవరం వైపు రొయ్యల వ్యాపారం చేసే ఒకరి ఆఫీసులో సరిగ్గా అదే జరిగాక నన్ను పిలిచారు.

క్రియేట్ కొట్టగానే మొదట పోయేది పాత సూపర్‌బ్లాక్. ఏ డిస్కు ఎన్నోది, ఏది ఎప్పుడు ఆగిపోయింది అన్న చరిత్ర అంతా చెరిగిపోతుంది. డేటా ఎక్కడ మొదలవ్వాలన్నది కూడా మారిపోవచ్చు. ఎండీఆడ్మ్ పాత వెర్షన్లు డిస్కు మొదట్లో కొద్దిగా చోటు వదిలేవి, కొత్తవి చాలా ఎక్కువ వదులుతాయి. బాగా పాత వెర్షన్‌తో పెట్టిన రెయిడ్‌ని ఇవాళ్టి వెర్షన్‌తో మళ్ళీ క్రియేట్ చేస్తే లెక్క మొత్తం జరిగిపోతుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత మొదలవుతుంది. కొత్త రెయిడ్ 5 కదా అని ఎండీ మూడు డిస్కుల్ని నమ్మి, వాటి లెక్కతో చివరి డిస్కుని మొత్తం తిరిగి రాయడం మొదలుపెడుతుంది. నమ్మిన మూడింటిలో ఎప్పుడో ఆగిపోయిన పాత డిస్కు ఉంటే, నాలుగో డిస్కులోని మంచి డేటా మీద తప్పుడు లెక్క రాసేస్తుంది. భీమవరంలో ఇది రాత్రంతా నడిచింది. పాత సంవత్సరాల ఖాతాలు చాలావరకు తీసుకోగలిగాం, ఎందుకంటే వాటి చోట డిస్కులు అప్పటికీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. డిస్కు ఆగిపోయిన తర్వాత రాసిన ఆరు నెలల లెక్కలు పోయాయి. ఆయనకి అవే కావాలి.

క్రియేట్ తర్వాత రెండో ప్రమాదం ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే చిట్టా) రిపేరు, అంటే ఎఫ్‌ఎస్‌సీకే. డిస్కుల వరుస తప్పుగా ఉన్నప్పుడు దాన్ని నడిపితే, కనబడుతున్న గందరగోళాన్నే నిజమనుకుని "సరిచేస్తుంది". బాగున్న ఫోల్డర్లని కూడా చెరిపేస్తుంది. ఆగిపోయిన డిస్కుని "మళ్ళీ చేర్చు" అని యాడ్ కొట్టడం కూడా తప్పే. యాడ్ అంటే దాన్ని ఖాళీ డిస్కు కింద లెక్కేసి మొదటినుంచి రాయమని చెప్పడం. ఇక జీరో సూపర్‌బ్లాక్ అన్న మాట ఎక్కడ కనబడినా ముట్టుకోకండి. డిస్కులు పీకి వేరే వరుసలో గుచ్చడం, పదేపదే రీస్టార్ట్ చేయడం కూడా మానుకోవాలి. ఊపిరి అందక నడుస్తున్న డిస్కుకి ప్రతి ఆన్-ఆఫ్ ఒక గండమే. టక్ టక్ అని శబ్దం వస్తుంటే ఇంక ఇంట్లో ప్రయత్నించడమే వద్దు. లోపల డేటా చదివే హెడ్డు దెబ్బతిని ఉండొచ్చు, తిరిగే ప్రతి క్షణం డేటా ఉండే పళ్ళేన్ని గీకుతూ ఉండొచ్చు. దుమ్ము చొరబడని గది, అంటే క్లీన్ రూమ్, ఉన్నవాళ్ళకి పంపాలి.

ముందు చదవాలి, తర్వాత నకలు తీయాలి

మర్నాడు పొద్దున్నే బోడసకుర్రు వంతెన దాటి స్టూడియోకి వెళ్ళాను. మొదట చేసిన పని తెల్ల టేపు ముక్కలు కోసి, ప్రతి డిస్కు మీదా అది ఏ పోర్టులో ఉందో, దాని సీరియల్ నంబరేంటో పెన్నుతో రాయడం. లినక్స్ డిస్కులకి పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లని నమ్ముకోకూడదు. రీస్టార్ట్ చేస్తే అవి అటూఇటూ మారిపోవచ్చు. సీరియల్ నంబరు మారదు.

తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి, రెయిడ్ తనంతట తాను లేవకుండా చూసి, ఒక్కో డిస్కుని ఎగ్జామిన్ అన్న ఆప్షన్‌తో చూశాను. ఇది సూపర్‌బ్లాక్‌ని చదువుతుంది తప్ప ఏమీ రాయదు. అందులో నేను ముందుగా చూసేది ఈవెంట్స్ అన్న అంకె. రెయిడ్ స్థితి మారినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది. జట్టులో ఉన్నంతకాలం అన్నిటిలోనూ ఒకటే ఉంటుంది. బయటికెళ్ళినదానిలో అక్కడితో ఆగిపోతుంది. గోడగడియారం ఆగిన వేళ లాంటిదే అది.

మొదటి డిస్కులోనూ నాలుగోదానిలోనూ 48,213. మూడోదానిలో 48,207. రెండోదానిలో 31,950. ఎవరూ చెప్పకపోయినా కథంతా ఆ నాలుగు అంకెల్లో ఉంది. రెండోది మూడు నెలల కిందట పోయింది. మూడోది నిన్న రాత్రి పోయింది, మిగతావాటికంటే ఆరు అడుగులే వెనకబడి ఉంది. కాబట్టి మనం నిలబెట్టాల్సింది ఒకటి, మూడు, నాలుగు. రెండోదాన్ని కలపకూడదు. కలిపితే మూడు నెలల కిందటి సమాచారం ఇవాళ్టిదాంట్లో చొరబడుతుంది. ఈ నాలుగు తెరలూ ఫోటో తీసి, టెక్స్ట్ ఫైళ్ళుగా కూడా దాచాను. ఆ తర్వాత ఏం జరిగినా వెనక్కి రావడానికి అవే దారి.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో మూడో డిస్కుకి 197వ వరుసలో, అంటే చదవలేక వాయిదా వేసిన సెక్టార్ల లెక్కలో, అంకె కనబడింది. రెండో డిస్కుకి అక్కడ సున్నా. కానీ 199వ వరుస, అంటే కేబుల్లో సమాచారం చెడిన లెక్క, వందల్లో ఉంది. ఆ డిస్కు తప్పేమీ లేదు. మూడు నెలలుగా అందరూ పోయిందనుకున్న డిస్కు బయటికి రావడానికి కారణం ఒక కేబుల్!

ఇప్పుడు మూడో డిస్కుకి నకలు తీయాలి. దాంతోనే రెయిడ్ నిలబెట్టి ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. ఆ కాపీలో హెడ్డు డిస్కంతా అటూఇటూ పరిగెడుతుంది, పాడైన చోట తగిలిన ప్రతిసారీ మళ్ళీ బిగుసుకుంటుంది. అది తట్టుకునే స్థితిలో ఉందో లేదో మనకి తెలీదు. అందుకే దాని చేత ఒకేసారి, మొదటినుంచి చివరిదాకా, నెమ్మదిగా చదివించాలి. దీనికి గ్నూ డీడీరెస్క్యూ అన్న ప్రోగ్రాముని మించింది నేను చూడలేదు. అది ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసుకుంటుంది. కష్టమైన చోటు తగిలితే మొండిగా కూర్చోకుండా దాటి ముందుకి పోతుంది. అంతా అయ్యాక వెనక్కొచ్చి ఆ చోట్ల అంచులు చెక్కుతుంది, చివర్లో ఒక్కో సెక్టార్నీ గీకి చూస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటూ ఉంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలు ఇవ్వకుండా నడిపితే సగం ప్రయోజనం పోయినట్టే.

డిస్కుని నేరుగా సాటా పోర్టుకే తగిలించాలి. చవక యూఎస్‌బీ కేసులు పాడైన సెక్టార్ తగలగానే మొత్తం డిస్కునే వదిలేస్తాయి. నకలు పడే డిస్కు సైజు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. పాత రకం రెయిడ్లలో సూపర్‌బ్లాక్ డిస్కు చివర్లో ఉంటుంది. అలాంటప్పుడు పెద్ద డిస్కు మీదకి నకలు తీస్తే చివర మారిపోయి రెయిడ్ దాన్ని గుర్తుపట్టదు. ఈ స్టూడియోలోని సూపర్‌బ్లాక్ 1.2 రకం, మొదట్లోనే ఉంటుంది, కాబట్టి ఆ బాధ లేదు.

మూడో డిస్కు మీద చిన్న టేబుల్ ఫ్యాను పెట్టి మొదలుపెట్టాం. సెకనుకి 140 ఎంబీల చొప్పున సాగింది. బయట వాన. మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నా ఆయన కదల్లేదు, తెర మీద పెరుగుతున్న అంకె వైపే చూస్తూ కూర్చున్నారు. అరవై శాతం దాటాక వేగం ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. డిస్కు లోంచి గర్రుమని సన్నటి శబ్దం, ఆగడం, మళ్ళీ గర్రుమనడం. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. నిమిషంలోపే అది ఆ చోటు దాటేసింది, అంకె మళ్ళీ కదిలింది. రాత్రి తొమ్మిదికి మొదటి విడత అయింది. గీకుడు పని ఇంకో రెండు గంటలు. మొత్తం నాలుగు టీబీల్లో చదవలేనిది 48 కేబీలు మిగిలింది.

నకలు పూర్తయ్యాక అసలు డిస్కుని విప్పి పక్కన పెట్టేశాను. అసలూ నకలూ రెండూ ఒకేసారి తగిలించి ఉంచితే రెండింటి మీదా ఒకటే సూపర్‌బ్లాక్ కాబట్టి లినక్స్ దేన్ని తీసుకుంటుందో చెప్పలేం.

ట్రేసింగ్ పేపరు మీద గీతలు

మన ఊళ్ళలో పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు గ్రామ నక్షా మీద పెన్సిలు పెట్టడు. ట్రేసింగ్ పేపరు పరిచి దాని మీద గీస్తాడు. లెక్క తప్పితే ఆ పేపరు తీసేసి ఇంకోటి పరుస్తాడు. నక్షా నక్షాలాగే ఉంటుంది. లినక్స్‌లో సరిగ్గా అలాంటి ఏర్పాటే ఉంది, దాన్ని ఓవర్‌లే అంటారు. డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్ అన్న సదుపాయంతో, ప్రతి డిస్కు మీదా పైన ఒక ఖాళీ పొర పరుస్తాం. చదవడం కింది డిస్కు నుంచి జరుగుతుంది. రాతలన్నీ పై పొర ఫైల్లోకి పోతాయి. రెయిడ్‌ని నేరుగా డిస్కులతో కాకుండా ఈ పొరలతో నిలబెడతాం. ఏ ప్రయోగం బెడిసికొట్టినా పొరలు తీసేసి కొత్తవి పరిస్తే చాలు, డిస్కుల మీద ఒక్క బైటు కూడా మారదు. ఒక్కటే జాగ్రత్త: ఆ పొర ఫైలు నిండిపోతే అది చెల్లదు, కాబట్టి కొన్ని జీబీలు ధారాళంగా ఇవ్వాలి.

ఈ పని నేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది. అయినా నేర్చుకుని తీరాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే భయం లేకుండా ప్రయత్నించే వీలు ఇంకే పద్ధతిలోనూ లేదు. సూపర్‌బ్లాక్‌లు చెరిగిపోయి క్రియేట్ తప్ప దారి లేని సందర్భంలో కూడా ఆ క్రియేట్‌ని ఈ పొరల మీదే, అసలు డేటాని ముట్టుకోవద్దని చెప్పే అస్యూమ్ క్లీన్ ఆప్షన్‌తో చేయాలి.

మాకు అంత అవసరం రాలేదు. ఒకటి, మూడోదాని నకలు, నాలుగు. ఈ మూడింటి పొరలతో అసెంబుల్ కమాండ్ ఇచ్చి, దానికి ఫోర్స్ చేర్చాను. ఫోర్స్ అంటే "మూడోది ఆరు అడుగులు వెనకుందని తెలుసు, అయినా తీసుకో" అని చెప్పడం. ఎండీ తీసుకుంది. నాలుగింటిలో మూడు ఉన్నట్టు "యు _ యు యు" అని చూపించింది. తర్వాత ఫైల్ సిస్టమ్‌ని రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే), జర్నల్‌ని (పూర్తికాని రాతల చిట్టాని) కూడా ముట్టుకోకుండా మౌంట్ చేశాను, అంటే ఫైళ్ళు కనబడేలా తెరిచాను. ఈఎక్స్‌టీ4 రకం ఫైల్ సిస్టమ్‌లో దానికి నోలోడ్ అన్న ఆప్షన్ ఉంది, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో నోరికవరీ. ఉత్త రీడ్ ఓన్లీ అంటే చాలదు, జర్నల్లో మిగిలిన రాతల్ని అది పూర్తిచేయబోతుంది.

ఫోల్డర్ల పేర్లు కనబడగానే ఆయన దణ్ణం పెట్టేశారు. నేను ఆగమన్నాను. ఫైల్ సిస్టమ్ మొదటి వివరాలు మొదటి డిస్కు మొదటి ముక్కలోనే ఉంటాయి. అది సరైన చోట ఉంటే మిగతా డిస్కుల వరుస తప్పినా ఒక్కోసారి మౌంట్ అయిపోతుంది, పేర్లు కూడా కొన్ని కనబడతాయి. పెద్ద ఫైళ్ళు తెరిచి చూడాలి. మూడు 512 కేబీల ముక్కలు, అంటే ఒకటిన్నర ఎంబీ దాటిన ఏ ఫోటో అయినా అన్ని డిస్కుల్నీ తాకుతుంది. రెండు వందల ఫోటోలు, పది వీడియోలు అక్కడక్కడా తెరిచాం. సగం బాగుండి కింది సగం బూడిదరంగుగా వచ్చిన ఫోటో ఒక్కటీ లేదు. అప్పుడు కాపీ మొదలుపెట్టాం, తాజా డిస్కుల మీదకి.

కాపీ చేతిలో ఉన్నాకే పాత రెయిడ్ గురించి ఆలోచించాలి. చాలామంది వెంటనే కొత్త డిస్కు గుచ్చి రీబిల్డ్ మొదలుపెడతారు. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కుల్ని ప్రతి మూలా చదవడం. మామూలు డిస్కులకి తయారీదార్లు ఇచ్చే హామీ, 1 పక్కన 14 సున్నాలు పెట్టినన్ని బిట్లు చదివితే ఒక్కసారికి మించి చదవలేని చోటు తగలదని. అంటే పన్నెండున్నర టీబీలు. నిజానికి చాలా డిస్కులు దీనికంటే బాగా పనిచేస్తాయి. కానీ మూడు డిస్కులు పూర్తిగా చదవడమంటే పన్నెండు టీబీలు. ఎవరూ చదవని మూలల్లో ఏముందో రీబిల్డ్ రోజునే బయటపడుతుంది. అందుకే పెద్ద డిస్కులు నాలుగు దాటితే రెండు ప్యారిటీలుండే రెయిడ్ 6 వేసుకోమంటాను. ఒక డిస్కు బలహీనపడినా ఇంకా పనిచేస్తుంటే దాన్ని ఫెయిల్ అని తీసేయకండి. ఎండీఆడ్మ్‌లో రీప్లేస్ అన్న సదుపాయం ఉంది. పాతది జట్టులో ఉండగానే దాని నుంచి కొత్తదానికి కాపీ చేస్తుంది, అది చదవలేని చోట మాత్రమే మిగతావాటి లెక్క వాడుకుంటుంది. ఇక కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ రకం (డేటా వరుసలు ఒకదాని అంచు మీద ఒకటి పేర్చే) డిస్కు కాకుండా చూసుకోండి. అవి రీబిల్డ్‌లో నత్తనడక నడుస్తాయి.

స్టూడియోలో కొత్త పెట్టె పెట్టినప్పుడు చేసిన ఏర్పాట్లు ఎక్కువేమీ కాదు. డిస్కు బయటికెళ్ళగానే మెయిల్ వచ్చేలా ఎండీఆడ్మ్ మానిటర్ పెట్టాం. మూడు నెలల కిందట ఇదొక్కటి ఉండుంటే ఒక కేబుల్ మార్చడంతో కథ అయిపోయేది. నెలకోసారి అన్ని డిస్కుల్నీ చదివి చూసే చెక్ డెబియన్ అనే లినక్స్‌లో మొదటి ఆదివారం తనంతట తానే నడుస్తుంది. అది ఆగకుండా చూశాం. డిస్కులు ఏడు సెకన్లలో జవాబిచ్చేలా సెట్ చేశాం. ఆ సౌకర్యం లేని డిస్కుంటే కెర్నల్‌ని 180 సెకన్లు ఆగమనాలి. రెండింటినీ ఆన్ చేసిన ప్రతిసారీ మళ్ళీ ఇవ్వాలి కాబట్టి స్టార్టప్‌లో రాశాం. యూపీఎస్ బ్యాటరీ మార్చాం.

ఇంత చేసినా రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. 1986 వరదలు, 1996 నవంబరు తుఫాను చూసిన సీమ మనది. నీళ్ళు గదిలోకొస్తే డిస్కులెన్నున్నా ఒకటే. ఇంకో కాపీ ఇంకో ఊళ్ళో ఉండాలి.

ఆ 48 కేబీల సంగతి మిగిలింది. అవి ఏ ఫైల్లో ఉన్నాయో తెలుసుకోవడానికి, నకలులో ఆ ఖాళీ చోట్లలో డీడీరెస్క్యూ చేత ఒక గుర్తు మాట రాయించి, ఆ మాట ఏ ఫైల్లో దొరుకుతుందో వెతికాను. ఆయన తెరవబోయిన పెళ్ళే. తలంబ్రాల వీడియో. ఆ చోటికి రాగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ముందుకి దూకుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది రెండో డిస్కు. మూడు నెలలు వెనకబడిందని పక్కన పెట్టినది. రెయిడ్ మొత్తానికి అది పనికిరాదు, నిజమే. కానీ ఈ వీడియో రెండేళ్ళ కిందటిది. ఆ వరుసలో ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయకపోతే, అక్కడ రెండో డిస్కు పాతబడనట్టే. ఒకటి, రెండు, నాలుగు డిస్కుల్లో అదే చోట ఉన్న 48 కేబీలు చదివి, సరి-బేసి లెక్క కట్టి, వచ్చినదాన్ని మూడోదాని నకలు పైన పరిచిన పొరలో ఆ ఖాళీలో రాశాను. పది వరుసల చిన్న ప్రోగ్రాము.

మళ్ళీ మౌంట్ చేసి వీడియో పెట్టాం. ఆయన మౌస్ తీసుకుని ఆ చోటికి పది సెకన్లు ముందు నొక్కారు. పెళ్ళికూతురు దోసిలి ఎత్తింది. బియ్యం గాల్లోకి లేచి, ఎక్కడా విరగకుండా, పెళ్ళికొడుకు తలమీద పడ్డాయి. మేనల్లుడు ఆ ఫైలుని రెండు డిస్కుల మీదకి కాపీ చేశాడు. ఒకటి ఆ సాయంత్రం బస్సులో రాజమండ్రిలో వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది.